ఇంటర్ మెమో మీద మార్కులతో పాటు పర్సంటైల్ కూడా వెయ్యాలె

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్ తెరిస్తే ముందుగాల కనపడేవి వార్తలు కాదు, కాలేజీల యాడ్లు. 470కి 468, వెయ్యికి 993, వరుసగ పిల్లల ఫొటోలు. మా నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ల కూడ అవే నంబర్లతోని ఫ్లెక్సీలు. ఆ పిల్లలు రాత్రింబవళ్లు చదివిన్రు, వాళ్లను నేను ఒక్క మాట అనను. నేను రాసేది ఆ నంబర్ గురించి, అది మన రాష్ట్రం దాటి, దేశం దాటి పోయినప్పుడు దాన్ని అక్కడోళ్లు ఎట్ల చూస్తరో దాని గురించి.

నేను గవర్నమెంట్ జూనియర్ కాలేజీల మ్యాథ్స్ చెప్త. దేవరకొండ, హాలియా, గుర్రంపోడు దిక్కు నుంచి వచ్చే పిల్లలే మాకు ఎక్కువ. ఒకప్పుడు విదేశం అంటే బీటెక్ అయినంక అమెరికాల ఎంఎస్, అంతే. ఇప్పుడు ఇంటర్ కాంగనే జర్మనీ అని, యూకే అని, ఆస్ట్రేలియా అని అడుగుతున్నరు, బైపీసీ పిల్లలైతే ఎంబీబీఎస్‌కు జార్జియా, కిర్గిజ్‌స్థాన్ అంటున్నరు. మెమో చేతుల పట్టుకొని వచ్చి "సార్, నా మార్కులకు అక్కడ వస్తదా" అని అడుగుతరు. వీళ్లకు నిజాయితీగ చెప్పాలంటే ఒక్క ముక్కల చెప్పలేం, ఎందుకంటే వెయ్యికి 800 అన్నది మన దగ్గర ఒక తీరు, ఇంకో దేశంల ఇంకో తీరు, ఆఖరికి మన పక్క బోర్డుల కూడ ఇంకో తీరే.

ఫ్రాన్స్‌ల బకలోరియా అని ఉంటది, మన ఇంటర్ లెక్కనే బడి చదువు అయిపోయినప్పుడు రాసే పరీక్ష. దానికి మార్కులు 20కి. 10 వస్తే పాస్, 12 దాటితే ఒక మెన్షన్ (మన డిస్టింక్షన్ లెక్కటి గుర్తింపు), 14 దాటితే దానిపైది, 16 దాటితే ట్రే బియన్ అని పెద్ద మెన్షన్. 20కి 16 అంటే మనోళ్లు 80 శాతమే గద అంటరు, అక్కడ 16 తెచ్చుకున్న పిల్ల ఇంట్ల పండుగ చేస్తరు. ఫిలాసఫీ పేపర్ నాలుగు గంటలు, మూడు ప్రశ్నలు ఇస్తరు, ఒక్కటి ఎంచుకొని ఆ నాలుగు గంటలు అదే రాయాలె, అట్లాంటి పేపర్ల 20కి 20 ఎవరికి వస్తది చెప్పండి.

జర్మనీల అబిటూర్ గ్రేడ్ తలకిందులు. 1.0 అంటే టాపర్, 4.0 అంటే కష్టంగ పాస్. అది కూడ ఆఖరి పరీక్ష ఒక్కదాంతోని వచ్చేది కాదు, మొత్తం 900 పాయింట్లల్ల 600 ఆఖరి రెండేండ్లు బడిల చేసిన దానికే, 300 మాత్రమే ఫైనల్ పరీక్షలకు. ఫిన్‌లాండ్‌ల ఏ అనే గ్రేడ్ వస్తే మన తల్లిదండ్రులు స్వీట్లు పంచుతరేమో గని, అక్కడ పాస్ గ్రేడ్లల్ల అన్నిటికంటే కిందిది అదే, పైది ఎల్. డెన్మార్క్ స్కేలుల 12 టాప్, కింద మైనస్ 3 దాక ఉంటది. ఇంగ్లండ్‌ల ఏ లెవెల్స్ మామూలుగ మూడు సబ్జెక్టులే తీసుకుంటరు, ఏ స్టార్‌కు ఎన్ని మార్కులు కావాలె అన్న గీత పేపర్లు దిద్దినంక గీస్తరు, పేపర్ కఠినంగ వచ్చిన ఏడు గీత కిందికి దిగుతది. ఆస్ట్రేలియాల అటార్ అని ఉంటది, ఎక్కువల ఎక్కువ 99.95, చాలామంది అది మార్కుల శాతం అనుకుంటరు గని కాదు, అది ఆ వయసు పిల్లలందర్ల ఈ పిల్లగాడు ఎక్కడ నిలబడ్డడు అని చెప్పే నంబర్. ఇట్ల వందమందిల ఎంతమందికన్న ముందున్నడో చెప్పే నంబర్‌నే పర్సంటైల్ అంటరు. ఈ ఆఖరిది గుర్తు పెట్టుకోండి, నా మాటంతా దానిమీదనే.

ఇగ ఇన్ని తీర్ల మార్కులను ఎట్ల పోలుస్తరు అంటే, జర్మనీల చాలా యూనివర్సిటీలు బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడుతయి. ఏడో తరగతి పిల్ల కూడ చెయ్యొచ్చు ఆ లెక్క. టోటల్ మార్కుల్లకెల్లి మనకొచ్చినవి తీసెయ్యాలె. ఆ వచ్చిన దాన్ని, టోటల్ల నుంచి పాస్ మార్కులు తీసేస్తే ఎంత మిగులుతదో దానితోని భాగించి, మూడుతోని గుణించి, ఒకటి కలపాలె. మన ఎంపీసీ టోటల్ 1000, పాస్ 35 శాతం కాబట్టి 350. 740 వచ్చిన పిల్లకు 260ని 650తోని భాగిస్తే 0.4, మూడింతలు 1.2, ఒకటి కలిపితే 2.2. ఇదే ఫార్ములాల ఫ్రాన్స్ పిల్ల 16ను పెట్టి చూడండి, 20ల నుంచి 16 పోతే 4, దాన్ని 10తోని భాగిస్తే 0.4, మళ్ల అదే 2.2. అంటే మన దగ్గర 750 దాటలేదని బీ గ్రేడ్ పడ్డ పిల్ల, ఫ్రాన్స్‌ల ట్రే బియన్ మెన్షన్ తెచ్చుకున్న పిల్ల, ఇద్దరూ కాగితం మీద సమానం.

సంతోషమే కదా అనిపిస్తది. గని అక్కడ కూర్చున్నోళ్లు అమాయకులు కాదు. ఈ ఫార్ములాకు తెలిసింది రెండే, పాస్ మార్కు ఎంత, పై మార్కు ఎంత. ఆ రెంటి నడుమ పిల్లలు ఎట్ల సర్దుకున్నరు, పైన గుంపుగ ఉన్నరా, నడుమ ఉన్నరా అన్నది దానికి తెల్వదు. మన దగ్గర పైన గుంపు ఎందుకైందో నా సబ్జెక్ట్ పేపర్ తోనే చెప్త. మ్యాథ్స్ టూ ఏ పేపర్ 75 మార్కులకు. సెక్షన్ ఏ ల పది రెండు మార్కులవి అన్నీ రాయాలె. సెక్షన్ బీ ల నాలుగు మార్కులవి ఏడు ఇస్తరు, ఐదు రాస్తే చాలు. సెక్షన్ సీ ల ఏడు మార్కులవి ఏడు ఇస్తరు, ఐదు రాస్తే చాలు. కూడితే 97 మార్కుల ప్రశ్నలు ఇచ్చి 75కే రాయమంటున్నరు. దానికి తోడు ఏటా తిరిగి తిరిగి అవే రకాలు వస్తయి, ఇంపార్టెంట్ అని గీత గీసినయి బట్టీ పెడితే ఒడ్డున పడొచ్చు. రెసిడెన్షియల్ కాలేజీలల్ల తెల్లారకముందు స్టడీ అవర్ నుంచి రాత్రి దాక ఆ గీత గీసినయే రాయించి రాయించి అరగదీస్తరు. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం ఇప్పిస్తరు, ఎందుకంటే అండ్ల 98, 99 పడుతయి, తెలుగు తీసుకున్న పిల్లకు అన్ని పడయి. ప్రాక్టికల్స్‌ల 30కి 30 మామూలైపోయింది. ఇవన్నీ కలిసి 950 పైన తొక్కిసలాట అయితున్నది. ఇందుల మా లెక్చరర్ల బాధ్యత కూడ ఉన్నది, పేపర్లు దిద్దేది మేమే గద.

దీని ఫలితం ఏందంటే, బయట కొన్ని యూనివర్సిటీలు ఇండియా పిల్లలకు పెట్టే రూల్ల సీబీఎస్‌ఈకి ఒక శాతం, రాష్ట్ర బోర్డులకు దానికంటే ఎక్కువ శాతం అడుగుతున్నయి. యూకే దిక్కు ఇది చాలా ఎక్కువ. వాళ్ల దృష్టిల అది తప్పు కాదు, రాష్ట్ర బోర్డుల మార్కులు వదులుగ పడుతయని వాళ్లకు అనుభవం మీద తెలిసిపోయింది, అందుకని ఆ వదులును గుంజి కడుతున్నరు. గని ఆ దెబ్బ ఎవరిమీద పడుతున్నది? మార్కులు పెంచుకునే మెషిన్ల నుంచి వచ్చిన పిల్లకు 970 ఉంటయి, ఆ గీత దాటుతది. గవర్నమెంట్ కాలేజీల చదివి, తెలుగు సెకండ్ లాంగ్వేజ్ తీసుకొని, పత్తి ఏరే రోజులల్ల కాలేజీకి నాగా పెట్టి 780 తెచ్చుకున్న పిల్ల ఆ గీత కింద ఉండిపోతది. మార్కులు ఉబ్బించింది ఒకరు, జరిమానా కట్టేది ఇంకొకరు.

మా చెల్లె బిడ్డ సంగతి చెప్త. ఎంపీసీ, వెయ్యికి 812. జర్మనీల డిగ్రీ చెయ్యాలని కోరిక, ఫీజులు తక్కువని ఎవరో చెప్పిన్రు. హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీకి పోతే అక్కడ కూసున్నాయన మెమో చూసి, 812 అంటే బిలో యావరేజ్ అమ్మా, ఇప్పుడందరికీ 950 పైన వస్తున్నయి, దీంతోని కష్టం, మేం చెప్పిన ప్రైవేట్ యూనివర్సిటీకి అయితే చూద్దాం అన్నడట. పిల్ల ఇంటికొచ్చి "మామా, నేను బిలో యావరేజా" అని అడిగింది. నేను కాగితం పెన్ను ఇచ్చి ఆ ఫార్ములా ఆమెతోనే చేయించిన. 1000ల 812 పోతే 188, దాన్ని 650తోని భాగించి, మూడింతలు చేసి, ఒకటి కలిపితే 1.86 చిల్లర వచ్చింది. జర్మనీ లెక్కల 2.5 దాక గూట్ అంటరు, అంటే మంచిది అని. ఆమెకు అడ్డం వచ్చింది మార్కులు కావు, వేరే రూల్. మన ఇంటర్ ఒక్కటే పట్టుకొని అక్కడ నేరుగ డిగ్రీల చేరనియ్యరు, ఇంజనీరింగ్, సైన్స్ కోర్సులకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ పాస్ కావాలె, లేకపోతే ఇక్కడ యూనివర్సిటీల కనీసం ఒక ఏడు చదివి ఉండాలె. పైనుంచి 2022 నవంబర్ నుంచి మన దేశం పిల్లలకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన్రు, అంటే మన మెమోలు అసలైనవేనా అని వాళ్లే చెక్ చేసి ఇచ్చేది. ఈ ముక్క ఆ కన్సల్టెన్సీ ఆయన చెప్పలేదు, బిలో యావరేజ్ అన్న ముక్క మాత్రం చెప్పిండు. పిల్ల ఇప్పుడు ఇక్కడ్నే బీఎస్సీల చేరింది, జర్మన్ నేర్చుకుంటున్నది.

నిజం చెప్పాలంటే ఆ 812 రాష్ట్రం మొత్తంల ఎక్కడ నిలబడ్డదో ఆ కన్సల్టెన్సీ ఆయనకూ తెల్వదు, నాకూ తెల్వదు, పిల్లకూ తెల్వదు. తెలిసేది ఒక్క బోర్డుకే. అందరి మార్కులు వాళ్ల కంప్యూటర్లనే ఉన్నయి. ఐకేపీ సెంటర్ల వడ్లు కొనేటప్పుడు బరువు ఒక్కటే చూసి ఊకోరు, మీటర్ పెట్టి తేమ 17 శాతం లోపు ఉన్నదా అని కూడ చూస్తరు, అప్పుడే సంచి కుట్టేది. మన మెమో మాత్రం బరువు ఒక్కటే రాసి ఇస్తున్నది.

నేను అడిగేది కొత్తది ఏం కాదు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి మెమో చూడండి, ప్రతి సబ్జెక్ట్ మార్కు పక్కన గ్రేడ్ ఉంటది, ఏ1 అంటే ఆ సబ్జెక్ట్ పాసైనోళ్లల్ల పైన ఎనిమిదో వంతుల ఉన్నడని అర్థం, 90 వచ్చినయా 95 వచ్చినయా అని కాదు. మన ఇంటర్‌ల "ఏ" అనే గ్రేడ్ 75 శాతం దాటిన ప్రతి ఒక్కరికి వస్తది, పరీక్ష రాసినోళ్లల్ల సగం మంది దాటినా వస్తది. రెండు మెమోల మీద ఉన్నది దాదాపు ఒకటే అక్షరం, అర్థం అస్సలు ఒకటి కాదు. ఎన్ఐటీ సీటుకు కూడ 75 శాతం అన్నా ఉండాలె, లేకపోతే తన బోర్డుల టాప్ 20 పర్సంటైల్‌ల అన్నా ఉండాలె అని రూల్ ఉన్నది. 2013 నుంచి 2016 దాక జేఈఈ మెయిన్ ర్యాంకుల బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండె, అప్పుడు కూడ ఒక బోర్డు మార్కులను ఇంకో బోర్డు మార్కులతోని నేరుగ కలపలేమని పర్సంటైల్ పెట్టే సరిచేసిన్రు. మన దేశంల బోర్డు బోర్డుకు నడుమ అవసరమైనప్పుడు, దేశం దేశానికి నడుమ అవసరం లేదా?

ఒకటే బోర్డుల కూడ ఏడు ఏడుకు తేడా ఉంటది, అది కూడ మెమో చెప్పదు. 2021ల కరోనా వల్ల సెకండియర్ పరీక్షలే పెట్టలేదు, ఫస్టియర్ మార్కులే వేసి అందర్ని పాస్ చేసిన్రు. అదే ఏడు ఫస్టియర్ పిల్లలకు ఆలస్యంగ పరీక్ష పెడితే 49 శాతమే పాసైన్రు, గొడవలైనంక ఫెయిలైన అందరికి 35 వేసి గట్టెక్కించిన్రు. అప్పటి పరిస్థితిల అది సరైనదే అని నేను నమ్ముత, పిల్లలు ఊళ్లల్ల సిగ్నల్ లేక చెట్లెక్కి ఆన్‌లైన్ క్లాసులు విన్నరు. ఇంగ్లండోళ్లకు కూడ ఇదే తిప్పలైంది, 2020ల కంప్యూటర్ లెక్కతోని గ్రేడ్లు ఇస్తే టీచర్లు ఇచ్చిన దానికన్న దాదాపు నలభై శాతం గ్రేడ్లు కిందికి దిగినయి, పిల్లలు రోడ్డెక్కితే ఆ లెక్క తీసేసిన్రు. ఆ తర్వాత ఏ, ఏ స్టార్ గ్రేడ్లు 2019ల పాతిక శాతం ఉన్నయి 2021ల నలభై ఐదు శాతం దగ్గర్కి పోయినయి. గని అక్కడ ఏ ఏడు ఎంతమందికి ఏ గ్రేడ్ వచ్చిందో అంతా ప్రింట్ చేసి బయట పెడుతరు కాబట్టి, 2021 ఏ స్టార్‌ను 2019 ఏ స్టార్‌తోని పోల్చాలనుకున్నోడు పోల్చుకుంటడు. మనది పోల్చుకోవాలంటే ఆధారం ఏది?

కొందరు తోటి లెక్చరర్లతోని ఈ మాట అంటే ఒక అభ్యంతరం చెప్పిన్రు, అది కొట్టిపారేసేది కాదు. పర్సంటైల్ వేస్తే మన గవర్నమెంట్ కాలేజీ పిల్లలకే ఇంకింత నష్టం, 780కి ఇంకా కింద స్థానం కనపడుతది అన్నరు. కనపడొచ్చు. గని ఇయ్యాల కన్సల్టెన్సీలు, యాడ్లు కలిసి ఆ పిల్ల మనసుల పెట్టే స్థానం అసలు దానికన్న ఎంతో కిందున్నది అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఫ్లెక్సీ మీద కనపడేది 990 మాత్రమే, ఫెయిలైనోళ్లు, 500 దగ్గర ఆగినోళ్లు ఎవరి ఫ్లెక్సీ మీదా కనపడరు. ఇంకోటి, బయట మంచి యూనివర్సిటీలు పిల్ల ఏ బడి నుంచి వచ్చింది అన్నది కూడ చూస్తయి. యూకేల పేద ప్రాంతాల బడుల నుంచి వచ్చిన వాళ్ల పిల్లలకు ఒకటి రెండు గ్రేడ్లు తక్కువున్నా సీటు ఇచ్చే పద్ధతి చాలా యూనివర్సిటీలల్ల ఉన్నది. మన మెమోతోని ఇచ్చే కాగితంల ఆ కాలేజీ సగటు మార్కు ఒక్కటి వేస్తే, సగటు 450 ఉన్న కాలేజీల 780 తెచ్చుకున్న పిల్ల ఏందో చూసినోళ్లకు ఎవరూ చెప్పే పని లేకుండ అర్థమైతది.

ఇంకో భయం, కాలేజీలు రేపట్నుంచి పర్సంటైల్ యాడ్లు ఏస్తయని. ఏస్తయి, నేను కాదనను. దానికోసం 99.87 అని చుక్కల దాక వెయ్యనక్కర లేదు, పైన పదో వంతు, రెండో పదో వంతు, మూడో పదో వంతు అని వేస్తే సరిపోతది, ర్యాంకుల పిచ్చికి మేత కాదు, బయటోళ్లకు కావాల్సింది తెలుస్తది. టాప్ పది శాతంల వేలమంది పిల్లలు ఉంటరు, అందరి ఫొటోలు ఫ్లెక్సీ మీద పట్టయి.

ఇంజనీరింగ్ సీట్లకు ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీ 2023ల మన రాష్ట్రంల తీసేసినంక, ఇగ ఇంటర్ మార్కులతోని పనేముంది అనేటోళ్లు ఉన్నరు. దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లల్ల డిగ్రీ సీటు ఇచ్చేది ఆ మార్కులతోనే. బయట దేశం పోయే పిల్లకు జీవితమంతా అడిగేది ఆ మెమోనే. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలల్ల ఇంట్ల మొదటిసారి ఇంటర్ పాసైన పిల్లలు ఇంకా ఉన్నరు, వాళ్లకు కన్సల్టెన్సీ ఆయన చెప్పిందే వేదం, ఆయన నోటి మాటకు ఎదురు చూపియ్యడానికి వాళ్ల చేతుల సర్కారు ముద్ర ఉన్న కాగితం ఒకటి ఉండాలె.

అందుకని మీ పేపర్ ద్వారా ఇంటర్ బోర్డును అడుగుతున్న. మెమో మీద టోటల్ పక్కన ఆ పిల్ల ఆ ఏడు ఆ గ్రూపుల ఏ పదో వంతుల ఉన్నదో వెయ్యండి. మెమో వెనక దిక్కు ఇంగ్లిష్‌ల పాస్ మార్కు ఎంత, ఏ గ్రేడ్ ఎక్కడి నుంచి, ఆ ఏడు ఎంతమంది రాసిన్రు, 600, 750, 900 దాటినోళ్లు ఎంతమంది, ఇవి ప్రింట్ చెయ్యండి. 2021 లాంటి ఏడు అయితే పరీక్ష జరగలేదని సాఫ్‌గ రాయండి, దాచిపెడితే బయటోళ్లకు అనుమానం ఎక్కువైతది గని తక్కువ కాదు. ఇప్పటికే పాసైన పిల్లలకు హాల్ టికెట్ నంబర్ కొడితే ఇదే సమాచారం ఒక పేజీగ బోర్డు వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ అయ్యేటట్టు పెట్టండి, దానికి ఫీజు పెట్టొద్దు, నల్లగొండ నుంచి నాంపల్లి ఆఫీసు దాక తిప్పొద్దు. జిల్లా ఎడిషన్ చూసే రిపోర్టర్ తమ్ముళ్లు రిజల్ట్స్ రోజున టాపర్ల ఫొటోలతోని పాటు, ఆ ఏడు మన జిల్లాల సరిగ్గ నడుమ నిలబడ్డ పిల్ల మార్కు ఎంత అన్నది కూడ బోర్డును అడిగి ఒక్క లైన్ రాయాలని కోరుతున్న.

ఇట్లు,
ఒక మ్యాథ్స్ జూనియర్ లెక్చరర్,
నల్లగొండ.